యాభై నాలుగో ఏట ఆకురాయి పట్టాను

మా నాన్నగారు పోయిన పదహారో రోజున ఆయన ఇనప్పెట్టె తాళంచెవి కోసం ఇల్లంతా గాలించాం. దేవుడి గూడు, గోడ మేకులు, ఆయన పాత కోటు జేబులు, బియ్యం డబ్బా అడుగు... ఎక్కడా లేదు. అది 2021వ సంవత్సరం. ఈవినింగ్ బజారు పక్క సందులో తాళాలు బాగుచేసే మేస్త్రి ఒకాయన ఉన్నారని కింద కొట్టాయన చెబితే వెళ్ళి పిలుచుకొచ్చాను.

మేస్త్రికి అరవై దాటాయి. తాతగారి కాలంలో నెల్లూరు జిల్లా నుంచి మదరాసు చేరిన కుటుంబం. తెలుగు మాట్లాడితే మధ్యలో అరవం దొర్లుతుంది. పెట్టె ముందు గొంతుక్కూర్చుని తాళం రంధ్రంలోకి టార్చి వేసి చూశారు. సంచీ మాత్రం విప్పలేదు.

“పెట్టె ఎవరిది సారూ?”

“మా నాన్నగారిది.”

“వారు?”

“పోయారు. ఇవాళ్టికి పదహారు రోజులు.”

“మీకు అన్నదమ్ములు?”

“తమ్ముడున్నాడు, అంబత్తూరులో.”

“ఆయన్ని రమ్మనండి. వచ్చిందాకా నేను కింద టీ తాగుతుంటా.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. ఖాతాదారు చనిపోయారని ఎవరైనా వస్తే, “వారసులందరి సంతకాలూ తీసుకురండి” అని చెప్పి పంపించడం నా నిత్యకృత్యం. ఆ మాట ఎదురుగా కూర్చున్నవాళ్ళకు ఎలా తగులుతుందో ఆ రోజే తెలిసింది. గంటన్నర తర్వాత తమ్ముడు వచ్చాడు. మేస్త్రి అరగంటలో, పెట్టె మీద గీత పడకుండా తెరిచారు. మేం ఊహించుకున్న బంగారం ఏమీ లేదు. పాత రశీదులు, అమ్మ మందుల చీటీలు, నా ఎస్సెల్సీ మార్కుల జాబితా. మేస్త్రి రెండు తాళంచెవులు చేసి, ఒకటి నా చేతిలో, ఒకటి తమ్ముడి చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

ఆ మరుసటి ఆదివారం ఆయన కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. రెండేళ్ళ తర్వాత, 2023లో, ఉద్యోగం వదిలి ఆయన దగ్గర శిష్యరికంలో చేరాను. “బి.కాం. చదివి, బ్యాంకు ఆఫీసరుగా చేసి ఇదేం పని?” అని మన సంఘం సభ్యులే చాలామంది అడిగారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఇక్కడ ఒకేసారి చెప్పుకుంటున్నాను.

మా జార్జి టౌను

చెన్నపట్నానికి దూరంగా ఉన్న పాఠకుల కోసం రెండు మాటలు. హైకోర్టు భవనాలకు ఎదురుగా ప్యారీస్ కార్నరు నుంచి ఉత్తరంగా, పడమరగా పరుచుకున్న పాత వ్యాపారపేట ఇది. ఇంగ్లీషువాళ్ళు దీన్ని బ్లాక్ టౌన్ అనేవారు. ఐదవ జార్జి చక్రవర్తి పేరు మీద జార్జి టౌను అయింది. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి... వీధుల పేర్లు చదువుకుంటూ పోతే పాత వర్తకుల జాబితాలాగే ఉంటుంది. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1914లో ‘ఆంధ్రపత్రిక’ను దినపత్రికగా మదరాసులో ప్రారంభించారు. అది చాలాకాలం తంబుచెట్టి వీధి నుంచే వెలువడింది. 1901లో పొట్టి శ్రీరాములుగారు పుట్టింది ఈ పేటలోని అణ్ణాపిళ్ళై వీధిలో. ఆయన కూడా రైల్వేలో ఉద్యోగం చేస్తూ దాన్ని వదిలి గాంధీగారి ఆశ్రమానికి వెళ్ళినవారే. ఆ మహనీయుడితో నాకు పోలికేమీ లేదు. పుట్టిన పేట ఒకటే అని చెప్పుకోవడం ఒక సంబరం, అంతే.

నాన్నగారు గోవిందప్ప నాయకన్ వీధిలో ఒక వర్తకుడి దగ్గర నలభై ఏళ్ళు గుమాస్తాగా చేశారు. కొత్తవాల్ చావడిలో తెల్లవారుజామున కూరగాయల బళ్ళు దిగే చప్పుడుకే మేం నిద్రలేచేవాళ్ళం. 1996లో ఆ మార్కెట్టు కోయంబేడుకు తరలిపోయింది. అయినా ఈ సందుల్లో దొరకని వస్తువు లేదు, బాగుచేయలేని వస్తువు అసలే లేదు. సముద్రం పక్కనే కాబట్టి ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తాళాల మేస్త్రికి పని తగ్గకపోవడానికి ఆ ఉప్పుగాలి కూడా ఒక కారణం.

ఎందుకు వదిలాను?

2000-01లో ప్రభుత్వరంగ బ్యాంకుల్లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చింది. దేశం మొత్తం మీద లక్షమంది దాకా ఒక్కసారిగా బయటికి వెళ్ళారు. పదిహేనేళ్ళ సర్వీసుగానీ, నలభై ఏళ్ళ వయసుగానీ ఉండాలన్నారు. నాకప్పటికి రెండూ లేవు. వెళ్ళిన పెద్దల్లో కొందరు వ్యాపారాలు పెట్టుకున్నారు. కొందరు మాత్రం వారానికి రెండుసార్లు మా బ్రాంచికే వచ్చి, కౌంటరు ఇవతల కూర్చుని, పేపరు చదువుకుని వెళ్ళేవారు. వాళ్ళకు డబ్బుకు లోటు లేదు. పొద్దున లేచి వెళ్ళడానికి చోటు లేదు. ఆ దృశ్యం నా మనసులోంచి పోలేదు.

నాన్నగారు పోయాక ఆ భయం ఎక్కువైంది. ఆదివారాలు మేస్త్రి పక్కన స్టూలు మీద కూర్చుంటుంటే మాత్రం గడియారం చూసుకోవాలని అనిపించేది కాదు. బ్యాంకు పెన్షను నిబంధనల ప్రకారం ఇరవై ఏళ్ళ సర్వీసు నిండినవారు మూడు నెలల నోటీసు ఇచ్చి స్వచ్ఛందంగా విరమించుకోవచ్చు. నాకు ముప్ఫై రెండేళ్ళు నిండాయి. నోటీసు ఇచ్చేశాను.

ఇంట్లో వారం రోజులు వంటగదిలో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు. ఎనిమిదో రోజున మా ఆవిడ అంది: “స్ట్రాంగు రూముకు తాళం వేసిన చేత్తో వీధిలో కూర్చుని తాళాలు రుద్దుతారా? మా పుట్టింటివాళ్ళకు ఏం చెప్పుకోను?” హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఫోను చేసి, “నాన్నా, డబ్బుకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి, నెలనెలా పంపిస్తాను” అన్నాడు. ఆవిడ కోపం కంటే వాడి జాలి ఎక్కువ బాధించింది. ఆకలికి తప్ప మనిషి చేతిపని నేర్చుకోడని వాడికి ఎవరు చెప్పారు? బహుశా నేనే. వాడి చిన్నతనంలో, “చదవకపోతే తాళాలు బాగుచేసుకుంటావు” అని బెదిరించిన తండ్రిని నేనే కదా!

ఓనమాలు

మొదటి మూడు నెలలు నేను ఒక్క తాళం కూడా ముట్టలేదు. కొట్టు ఊడవడం, ఇత్తడి రజను ఏరడం, గంటులేని కొత్త బ్లాంకులను వాటి పక్కన ఉండే గాడులను బట్టి వేరుచేయడం. మేకులకు వేలాడే వందలాది బ్లాంకుల్లో ఏది ఏ తాళానిదో చూపుతోనే పోల్చుకోవాలి. చత్వారం వచ్చిన కళ్ళకు అదే పెద్ద పరీక్ష.

తర్వాత ఆకురాయి. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు పైకెత్తాలి, లేకపోతే దాని పళ్ళు పాడవుతాయి. చదవడానికి ఒక్క వాక్యం, చేతికి రావడానికి నాకు ఎనిమిది వారాలు. కొట్టులో నకలు కోసే యంత్రం ఉంది, నిమిషంలో పని అయిపోతుంది. అయినా చేత్తో రుద్దిన తాళంచెవి ఇబ్బంది లేకుండా తిరిగేదాకా మేస్త్రి నన్ను యంత్రం దగ్గరికి రానివ్వలేదు. “మిషనుకు కరెంటు పోతే మీరేం చేస్తారు?” అన్నారు. బ్యాంకులో కంప్యూటర్లు ఆగిపోయిన రోజుల్లో మేం ఏం చేశామో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మన ఇళ్ళ తలుపులకు ఉండే మామూలు తాళం ఎలా పనిచేస్తుందో చెబుతాను. లోపల తిరిగే గుండ్రటి గొట్టం ఒకటి, దాన్ని పట్టుకుని ఉండే ఒర ఒకటి. రెంటినీ కలుపుతూ వరసగా ఐదో ఆరో చిన్న పిన్నుల జతలు, వాటిపైన స్ప్రింగులు. ఒక్కొక్క జత ఒక్కొక్క చోట రెండుగా విడిపోతుంది. సరైన తాళంచెవి పెట్టినప్పుడు ఆ విడిపోయే చోట్లన్నీ సరిగ్గా గొట్టం అంచుకు వచ్చి నిలుస్తాయి. అప్పుడు గొట్టం తిరుగుతుంది. ఒక్క జత కొద్దిగా ఎగువకో దిగువకో పోయినా తిరగదు. బ్యాంకులో పైసా తేడా వస్తే రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునేవాళ్ళం. అందువల్ల ఈ చాదస్తం నాకు కొత్త కాలేదు.

ఆరో నెలలో ఒక మధ్యాహ్నం నా చేతిలో ఆకురాయి జారి వేలి మీదికి వెళ్ళింది. మేస్త్రి చటుక్కున, “ఒరేయ్, చూసుకో!” అని అరిచారు. మరుక్షణం నాలుక కరుచుకున్నారు. “తప్పుగా అనుకోకండి సారూ, కుర్రాళ్ళకు చెప్పి చెప్పి అలవాటు” అన్నారు. నాకు మాత్రం పరమానందం. అంతవరకూ నేను ఆయనకు కొట్టులో కూర్చున్న అతిథిని. ఆ ‘ఒరేయ్’తో శిష్యుణ్ణయ్యాను.

ఆ ఏడు ఆయుధపూజకు పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టాం. మేస్త్రి తాంబూలంలో నూటొక్క రూపాయి పెట్టి ఇచ్చారు. కోట్ల రూపాయల అప్పుల కాగితాల మీద సంతకాలు చేసిన చెయ్యి ఆ తాంబూలం అందుకుంటూ వణికింది.

నా కంటే ముందు నడిచినవారు

ఈ దారిలో నేనే మొదటివాణ్ణి కాదు. మన ఇళ్ళల్లో బీరువాల మీద కనబడే గోద్రెజ్ పేరు ఉంది కదా, ఆ అర్దేషిర్ గోద్రెజ్ మొదట న్యాయవాది. 1894లో ఒక కేసు పని మీద జాంజిబారు వెళ్ళి, అక్కడ కక్షిదారు కోసం అబద్ధం వాదించడానికి మనసొప్పక ఆ వృత్తినే వదిలేశారు. బొంబాయి తిరిగివచ్చి శస్త్రచికిత్స పరికరాలు తయారుచేస్తే ఆ వ్యాపారం నిలవలేదు. నగరంలో దొంగతనాలు పెరుగుతున్నాయన్న వార్త పత్రికలో చూసి, 1897లో లాల్‌బాగ్‌లో ఒక షెడ్డులో తాళాల తయారీ మొదలుపెట్టారు. తర్వాత సబ్బు తయారుచేసినప్పుడు కూడా దానికి ‘చావి’ అని పేరు పెట్టారు, అంటే తాళంచెవి.

నేను పైన వర్ణించిన పిన్నుల తాళానికి ఈనాటి రూపం ఇచ్చిన అమెరికావాడు లైనస్ యేల్. ఈయన మొదట మనుషుల బొమ్మలు గీసే చిత్రకారుడు. తండ్రిది తాళాల పని. కుంచె వదిలి తండ్రి దారిలోకి వచ్చి, 1861లోనూ 1865లోనూ పేటెంట్లు పొందాడు. అయితే పిన్నుల ఆలోచన ఆయనది కాదు. ప్రాచీన ఈజిప్టులోనే చెక్క తాళాల్లో ఉంది.

ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే మరో అమెరికన్ కథ తమాషాగా ఉంటుంది. లండనులో బ్రామా కంపెనీవారు తమ తాళాన్ని తీసినవారికి రెండు వందల గినీలు ఇస్తామని కొట్టు అద్దాల వెనక ప్రదర్శించారు. అరవై ఏళ్ళు ఎవరివల్లా కాలేదు. 1851లో లండను మహాప్రదర్శనకు వచ్చిన హాబ్స్, పదహారు రోజుల్లో మొత్తం యాభై ఒక్క గంటలు కూర్చుని దాన్ని తీశాడు. యాభై ఒక్క గంటలు! మా మేస్త్రికి ఈ కథ చెబితే, “అన్ని గంటలూ పక్కన మనుషులు ఉన్నారా సారూ?” అని అడిగారు. ఆయన దృష్టంతా అక్కడే ఉంటుంది.

చేతికి వచ్చింది, నోటికి రాలేదు

ఆ దృష్టి ఎందుకో ఒక సంఘటన వల్ల నాకు అర్థమైంది. చేరిన ఏడాదికి ఒక సాయంత్రం మేస్త్రి భోజనానికి వెళ్ళారు, కొట్టులో నేనొక్కణ్ణే ఉన్నాను. చక్కగా బట్టలు వేసుకున్న కుర్రవాడొకడు వచ్చి సెల్‌ఫోనులో ఒక తాళంచెవి ఫోటో చూపించాడు. “మా ఇంటిదే అంకుల్, పోయింది. దీన్ని చూసి చేయగలరా? ఐదు వందలు ఇస్తాను” అన్నాడు.

ఫోటో స్పష్టంగా ఉంది. గంట్ల లోతు చూసి కొలతలు చెప్పగలిగే స్థితికి అప్పుడప్పుడే వస్తున్నాను. చేయగలనా అన్న ప్రశ్న నా అహాన్ని గిల్లింది. బ్లాంకు తీసి వైసుకు బిగించాను. రెండు గంట్లు రుద్దేసరికి మేస్త్రి వచ్చారు. ఫోను చూశారు. మారుమాట లేకుండా వైసు వదులుచేసి బ్లాంకు తీసి జేబులో వేసుకున్నారు.

“ఇంటికి తీసుకుపో తమ్ముడూ. పక్కింటివాళ్ళు నిన్ను గుర్తుపడితే తాళమే విప్పి కొత్త చెవి చేసిస్తా. డబ్బు కూడా తక్కువే అవుతుంది” అన్నారు. కుర్రవాడు ఇప్పుడే వస్తానని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. మంచివాడే కావచ్చు, తొందరలో ఉండి ఇంకో కొట్టుకు వెళ్ళి ఉండవచ్చు. కాకపోయి ఉంటే? ఎవరి ఇంట్లోనో ఒక ఆడపిల్ల ఒంటరిగా ఉండి ఉంటే?

ఆ రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు మేస్త్రి అన్నారు: “మీ చేతికి పనొచ్చింది సారూ. నోటికి ఇంకా రాలేదు.”

ముప్ఫై రెండేళ్ళు సంతకాలు సరిపోల్చినవాణ్ణి, వారసుల పత్రాలు అడిగినవాణ్ణి, ఐదు నిమిషాల గొప్ప కోసం అడగవలసిన ఒక్క ప్రశ్న మరిచిపోయాను. బ్యాంకులో నా బదులు నిబంధనలు అడిగేవి. లాకరు తెరవాలంటే ఖాతాదారు చెవి ఒకటి, బ్యాంకు చెవి ఒకటి, రెండూ ఉండాలి. ఇక్కడ ఆ రెండో చెవి మేస్త్రి మనస్సాక్షే. తాళం తీయడం సగం విద్య. ఎవరికి తీయకూడదో తెలియడం మిగతా సగం. నేను ఉద్యోగం మారాననుకున్నాను గానీ, నమ్మకాన్ని కాపాడే పనిలోంచి అదే పనిలోకి వచ్చానని ఆ రాత్రి గ్రహించాను. మర్నాడు ఒక రిజిస్టరు కొని గీతలు గీశాను. తేదీ, పేరు, చిరునామా, గుర్తింపు కార్డు, పక్కన ఉన్న సాక్షి. కొట్టుకు నేను చేసిన సేవ అది.

జమాఖర్చు

కామర్సు చదివినవాణ్ణి కనుక నష్టాల పద్దు కూడా రాయాలి. దాదాపు ఆరేళ్ళ జీతం వదులుకున్నాను. పెన్షనుతో ఇల్లు గడుస్తుంది గానీ, కారు అమ్మేశాం. మా ఆవిడ ఎన్నాళ్ళుగానో అడుగుతున్న వంటగది మరమ్మతు ఇంకా కాలేదు. కుడి భుజం రాత్రిళ్ళు సలుపుతుంది. పిల్లల చదువులు, ఇంటి అప్పు మిగిలి ఉన్నవారికి ఈ దారి చూపించే ధైర్యం నాకు లేదు. కూటికోసం కోటి విద్యలు అంటారు. కూడు భద్రమయ్యాక నేర్చుకోవడం నాకు దొరికిన వెసులుబాటు. మా మేస్త్రికి అది ఎన్నడూ లేదు.

ఈ వృత్తికి రోజులు చెల్లాయా అని కూడా అడుగుతారు. వేలిముద్రల తాళాలు, చిప్పులున్న కారు తాళాలు వచ్చాయి. మేస్త్రి మనవడు ఆ పని నేర్చుకుంటున్నాడు. మన రాష్ట్రంలోనే తాళాలకు పేరుబడ్డ దిండుక్కల్లు తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని పద్ధెనిమిది చేతివృత్తుల్లో తాళాల పని కూడా ఉంది. తలుపులు ఉన్నంతకాలం తాళాలు ఉంటాయి, తాళంచెవులు పోగొట్టుకునేవాళ్ళూ ఉంటారు.

ఇంటింటికీ పనికొచ్చే నాలుగు మాటలు చెబుతాను. కొత్త ఇంటి గృహప్రవేశం ఫోటోల్లో తాళంచెవి పట్టుకుని నిలబడి అందరికీ పంపకండి, స్పష్టమైన ఫోటో చాలు నకలు చేయడానికి. పాత ఇల్లు కొనుక్కున్నా, అద్దెకు దిగినా, తాళం మొత్తం మార్చనక్కర్లేదు, లోపలి సిలిండరు మార్పించుకుంటే చాలు. కొన్న రోజున ఇచ్చిన అసలు చెవుల్లో ఒకటి వాడకుండా దాచండి. అరిగిపోయిన చెవికి నకలు తీస్తే ఆ అరుగుదల కూడా నకలవుతుంది. తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టి ముద్ద కడుతుంది. పెన్సిలు ముల్లు పొడి కాస్త వేస్తే చాలు.

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి వచ్చాడు. రెండో రోజు చెప్పాపెట్టకుండా కొట్టుకు వచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి హైదరాబాదు ఫ్లాటు తాళంచెవి తీసి, “దీనికి ఒక నకలు చేసి మీ దగ్గర ఉంచుకోండి నాన్నా” అన్నాడు.

“ఫ్లాటు ఎవరి పేర ఉంది?”

“ఇద్దరి పేరా.”

“మరి అమ్మాయిని అడిగావా?”

వాడు నవ్వబోయి, నా ముఖం చూసి ఆగాడు. బయటికి వెళ్ళి కోడలికి ఫోను చేసి వచ్చాడు. ఆమె సరేనందట. నేను బ్లాంకు తీసి వైసుకు బిగించాను. మేస్త్రి తలెత్తకుండానే ఎదురుకొట్టు కుర్రాడికి మూడు టీలు చెప్పారు.